మ్యాన్‌హోల్‌లో పోసింది ఎటు పోతుంది?

1981 ఫిబ్రవరి 13, శుక్రవారం. అమెరికాలోని లూయీవిల్ నగరం ఇంకా నిద్ర లేవలేదు. ఉదయం ఐదుంబావు దాటింది. డ్యూటీకి బయల్దేరిన ఇద్దరు మహిళలు కారులో ఒక రైల్వే వంతెన కింద నుంచి వెళ్తున్నారు. కారులోంచి రేగిన చిన్న నిప్పురవ్వకు రోడ్డు ఒక్కసారిగా పైకి లేచింది. కారు పల్టీ కొట్టింది. మంట భూమి కింది పైపుల్లో పడి వీధి తర్వాత వీధి పరుగు తీసింది. మ్యాన్‌హోల్ మూతలు గాల్లోకి ఎగిరాయి. నిమిషాల వ్యవధిలో రెండు మైళ్లకు పైగా మురుగు లైను పేలిపోయి, దాని మీది రోడ్లు కందకాల్లా కుంగిపోయాయి.

జనం ఇంకా వీధుల్లోకి రాని వేళ కాబట్టి నలుగురు గాయాలతో బయటపడ్డారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. మరో గంట గడిచి ఉంటే బడి పిల్లలు, బస్సులు, కార్లు అన్నీ ఆ రోడ్ల మీదే ఉండేవి.

భూమి కింద బాంబు ఎవరూ పెట్టలేదు. ఊళ్లోని సోయాబీన్ నూనె ఫ్యాక్టరీ నుంచి హెక్సేన్ అనే ద్రావకం డ్రైనేజీలోకి వెళ్లింది. గింజల్లోంచి నూనె లాగడానికి వాడే ద్రావకం అది. మన దగ్గర తవుడు నూనె తీసే సాల్వెంట్ ప్లాంట్లలోనూ ఇదే వాడతారు. పెట్రోలు లాగే ఇట్టే ఆవిరవుతుంది, ఆ ఆవిరి గాలి కంటే బరువు. అందుకే పైకి తేలిపోకుండా పైపుల్లోనే పేరుకుని నిప్పు కోసం కాచుకుంది. రాల్‌స్టన్ ప్యూరినా అనే ఆ కంపెనీ తర్వాత కోర్టులో నేరం ఒప్పుకుంది.

లూయీవిల్‌కి మురుగు కాలువ నేర్పిన మొదటి పాఠం ఇది కాదు. నాలుగేళ్ల ముందే, 1977 మార్చిలో, అదే నగరం ఇంకో దెబ్బ తింది. ఆ కథ ఇంత చప్పుడు చేయలేదు, నష్టం మాత్రం ఎక్కువ కాలం సాగింది. నగరపు మురుగు శుద్ధి కేంద్రంలో కార్మికులకు ఉన్నట్టుండి ఘాటు వాసన కొట్టడం మొదలైంది. కళ్ల మంట, గొంతు మంట, తలనొప్పి. యంత్రాలకు జిగురులాంటి పదార్థం అంటుకుంది. దాన్ని వదిలించడానికి వేడి ఆవిరి పట్టారు. దాంతో అందులోని విషం గాల్లోకి లేచి ఇంకొంతమంది పడకేశారు. పరీక్షిస్తే పురుగుమందుల తయారీలో వాడే క్లోరిన్ రసాయనాలని తేలింది. వ్యర్థాలు తీసుకెళ్తామని ఒప్పుకున్న ఒక రవాణాదారు వాటిని తెచ్చి నగర డ్రైనేజీలో కుమ్మరించాడు. కేంద్రాన్ని మూసేశారు. దాదాపు మూడు నెలల పాటు రోజుకు 38 కోట్ల లీటర్ల మురుగు శుద్ధి లేకుండానే ఒహాయో నదిలో కలిసింది.

ఆ 38 కోట్ల లీటర్లంటే ఎంతో హైదరాబాద్‌వాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు. నగరంలోని పాత మురుగు శుద్ధి కేంద్రాల్లో (ఎస్టీపీల్లో) అన్నిటికన్నా పెద్దదైన అంబర్‌పేట కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. ఒక మనిషి తన ట్యాంకరు పైపును డ్రైనేజీలోకి తిప్పినందుకు అంబర్‌పేట అంతటి కేంద్రం మూడు నెలలు మూతపడిందన్న మాట. అతనికి రెండేళ్ల జైలు, 50 వేల డాలర్ల జరిమానా పడ్డాయి. ఆ మరుసటి ఏడాది, 1978లో, అమెరికా ప్రభుత్వం పరిశ్రమలకు దేశమంతటికీ ఒకటే నిబంధన తెచ్చింది. నగర డ్రైనేజీలోకి వదిలే ముందు ఎవరి వ్యర్థాన్ని వాళ్లు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలి. మండేవి, పేలేవి, పైపుని తినేసే ఆమ్లాలు, లైను మూసేసే గడ్డలు వదలడానికి వీల్లేదు. విషవాయువులు పుట్టించేవాటిపై నిషేధం, ట్యాంకర్లలో తెచ్చే వ్యర్థాన్ని అనుమతించిన చోటే దించాలన్న షరతు తర్వాత 1990లో చేరాయి.

ఇంతకీ మురుగు శుద్ధి కేంద్రానికి విషం అంటే ఎందుకంత భయం? అక్కడ అసలు పని చేసేది యంత్రాలు కాదు, సూక్ష్మజీవులు. మోటార్లు, పంపులు, బ్లోయర్లు వాటికి చాకిరీ చేసే బంట్లు మాత్రమే. అంబర్‌పేటలో పాత పద్ధతి ప్రకారం మురుగును ట్యాంకు అడుగు నుంచి మెల్లగా పైకి పంపుతారు. మధ్యలో చిక్కటి నల్లటి బురద పొర ఉంటుంది. గాలి తగలకుండా బతికే కోటానుకోట్ల బ్యాక్టీరియా అందులో కాపురం ఉంటాయి. మన మురుగే వాటి తిండి. తిన్నంత తిని మీథేన్ వాయువు వదులుతాయి. ఇవి చాలా నెమ్మదిగా పెరిగే జీవులు. ఒకసారి విషం తగిలి పోతే మళ్లీ అంత సంతతి పెరగడానికి వారాలు పడుతుంది. అన్నాళ్లూ మురుగు రావడం ఆగదు. పైన ఊళ్లో కోటిమంది కుళాయిలు తిప్పుతూనే ఉంటారు.

ఈ బ్యాక్టీరియాకు తెలిసిందల్లా మనిషి మలం, మూత్రం, అన్నం మెతుకులు, సబ్బు నీళ్లు. క్రోమియం, సీసం, పాదరసం వాటికి అరగవు. ఆ లోహాల్లో కొంత నీటితో పాటు మూసీ నదిలోకి పోతుంది, మిగతాది బురదలో పేరుకుంటుంది. ఆ బురద ఎరువుగా పొలానికెక్కితే మట్టిలో, ఆ నీరు గడ్డికి పారితే గడ్డిలో చేరుతుంది. మూసీ దిగువన మైళ్ల కొద్దీ పారాగడ్డి మళ్లు మురుగు నీటితోనే పచ్చగా ఉంటాయి. ఆ గడ్డి మేసే గేదెల పాలు నగరానికే వస్తాయి.

కాన్పూరు ఈ సంగతి ముందే చూసింది. గంగ ఒడ్డున జాజ్‌మౌలో రోజుకు 3.6 కోట్ల లీటర్ల శుద్ధి కేంద్రం కట్టారు. 90 లక్షల లీటర్లు తోళ్ల పరిశ్రమలవి, వాటికి మూడింతలు ఇళ్ల మురుగు. రెండింటినీ కలిపితే పలచనై సర్దుకుంటుందన్నది లెక్క. తోలు పదునుపెట్టే క్రోమియం ఆ లెక్క వినలేదు. శుద్ధి చేశామని పొలాలకు వదిలిన నీటితో పాటు అదీ పొలాలకు వెళ్లింది. ఒకప్పుడు గులాబీ తోటలకు పేరుపడ్డ పల్లెల్లో పూలసాగు దెబ్బతింది.

పలచన చేయడం శుద్ధి చేయడం అవదు. ఈ చిన్న సంగతిని మన నగరాలు మళ్లీ మళ్లీ మరచిపోతున్నాయి. పటాన్‌చెరు చరిత్రే అందుకు సాక్షి.

హైదరాబాద్ పడమటి అంచున మందుల కంపెనీలు వరుసగా వెలిశాక, వాటి వ్యర్థాల కోసం పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. సుమారు 90 కంపెనీల నుంచి ట్యాంకర్లు వచ్చి అక్కడ వ్యర్థాన్ని దించేవి. శుద్ధి అయిన నీరు ఇస్కవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలోకి వెళ్లేది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం ఆ నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాములు ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ! ఆ కేంద్రం నుంచి రోజుకు వెళ్లే 15 లక్షల లీటర్లతో లెక్క కడితే సుమారు 45 కిలోల మందు. స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రోఫ్లాక్సాసిన్ అంత.

యాంటీబయాటిక్ పనే బ్యాక్టీరియాను చంపడం. బ్యాక్టీరియా సాయంతో నడిచే శుద్ధి కేంద్రంలోకి దాన్ని పంపితే రెండే జరుగుతాయి. అక్కడి జీవులు చస్తాయి, లేదా మందుకు లొంగకుండా బతకడం నేర్చుకుంటాయి. రెండోది మరీ ప్రమాదం. అలా మొండికేసిన బ్యాక్టీరియా తన గుణాన్ని పక్కనున్న వేరే జాతులకీ అంటించగలదు.

పటాన్‌చెరు చుట్టుపక్కల రైతులు దశాబ్దాలపాటు కోర్టుల చుట్టూ తిరిగారు. చెరువులు, బోర్లు పాడైపోయిన ఊళ్లకు ట్యాంకర్లతో నీళ్లు పోయాల్సొచ్చింది. చివరికి దొరికిన పరిష్కారం ఒక పైపు. పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి 18 కిలోమీటర్ల లైను వేసి, ఆ నీటిని నగర డ్రైనేజీలో కలిపి అంబర్‌పేటకు పంపే ఏర్పాటు చేశారు. పటాన్‌చెరు నీరు సహజంగా మంజీర మీదుగా గోదావరికి చేరేది. అంబర్‌పేట నీరు మూసీ మీదుగా కృష్ణకు పోతుంది. అంటే గోదావరి పక్క పుట్టిన వ్యర్థానికి కృష్ణ వైపు దారి చూపించాం. మంజీర ఒడ్డు ఊళ్లకు కొంత ఊరట దక్కింది, సరే. ఇళ్ల మురుగు కోసం కట్టిన కేంద్రం మీద మందుల ఫ్యాక్టరీల శేషం మోపడం మాత్రం ఈ రచయిత దృష్టిలో తప్పే. పర్యావరణ కార్యకర్తలు అప్పుడే ఈ మాట చెప్పారు.

మందుల వ్యర్థంలో యాంటీబయాటిక్‌లు ఎంత మించకూడదో చెబుతూ 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముసాయిదా నిబంధనలు తెచ్చింది. అలాంటి పరిమితులు ప్రపంచంలోనే ఎక్కడా లేని రోజులవి. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు కనిపించలేదు. వాటిని తిరిగి తేవాలి. మందుల తయారీకి దేశంలోనే పేరున్న నగరం మనది, ఆ డిమాండు ముందుగా ఇక్కడి నుంచే రావాలి.

చట్టం అసలు లేదనుకోవద్దు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ విషపదార్థాలను వాగులోకో బావిలోకో వదలడం ఎంత నేరమో, డ్రైనేజీలోకి వదలడం కూడా అంతే నేరమంటుంది. ఆ సెక్షన్‌లో ‘సీవర్’ అన్న మాట స్పష్టంగా ఉంది. పర్యావరణ పరిరక్షణ నియమాల్లో లెక్కలు కూడా ఉన్నాయి. డ్రైనేజీలోకి వదిలే పారిశ్రామిక నీటిలో నూనె, జిడ్డు లీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. సీసం 1 మిల్లీగ్రాము, క్రోమియం 2, పాదరసం 0.01. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 5.5కీ 9కీ మధ్య ఉండాలి. నీటిలోని ఆక్సిజన్‌ని తినేసే సేంద్రియ మలినం, అంటే బీఓడీ, 350 దాకా ఉండొచ్చు. నదిలోకి నేరుగా వదిలితే ఈ బీఓడీ 30 దాటకూడదు.

నదికి 30, డ్రైనేజీకి 350 అంటూ అంత సడలింపు ఎందుకు? పైపు చివర శుద్ధి కేంద్రం ఉంటుంది, మిగతా పని అది చూసుకుంటుందన్న నమ్మకంతో. అందుకే నియమాల కింద ఒక షరతు కూడా రాశారు. ఆ డ్రైనేజీ జీవ పద్ధతిలో శుద్ధి చేసే కేంద్రానికి చేరితేనే ఈ వెసులుబాటు. చేరకపోతే దాన్ని నదిలో వదిలినట్టే లెక్క. హైదరాబాద్‌కి ఈ షరతు చాలా ముఖ్యం. నగరం, శివార్లు కలిపి రోజుకు 195 కోట్ల లీటర్ల మురుగు వస్తుందని నగర నీటి సరఫరా, మురుగు వ్యవస్థలు చూసే జలమండలి అంచనా వేసుకున్నప్పుడు ఉన్న 25 కేంద్రాల సామర్థ్యం 77.2 కోట్ల లీటర్లే. మిగతాదంతా నాలాల వెంట మూసీ దారి పట్టేది. ఆ లోటు పూడ్చడానికే 125.95 కోట్ల లీటర్ల సామర్థ్యంతో 31 కొత్త ఎస్టీపీలు తలపెట్టారు. వేల కోట్లు పోసి కట్టిన కేంద్రాలు నిలవాలంటే వాటిలోకి వచ్చేదేమిటో చూసుకోవాలి.

పైపు లోపలి సంగతికొద్దాం. డ్రైనేజీలో నీరు నిదానంగా పారేచోట గోడలకు జిగట పడుతుంది. అందులోని బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టిస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. మామూలు పీహెచ్ దగ్గర ఇందులో సగం నీళ్లలోనే కరిగి ఉంటుంది. ఎగువన ఎవరో యాసిడ్ కుమ్మరిస్తే ఆ కరిగినదంతా ఒక్క ఉదుటున వాయువై లేస్తుంది. కాస్త మోతాదు ఉన్నప్పుడు ముక్కు హెచ్చరిస్తుంది. గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులకు చేరితే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన ఆగిపోతుంది. వాసన పోయిందంటే గాలి బాగుపడిందని మ్యాన్‌హోల్‌లోకి దిగినవాడు అనుకుంటాడు. మోతాదు ఇంకా బాగా పెరిగితే ఒకటి రెండు శ్వాసలకే కుప్పకూలిపోతాడు. అతన్ని లాగబోయి రెండోవాడు, వాణ్ణి పట్టుకోబోయి మూడోవాడు. మ్యాన్‌హోల్ మరణాలు జంటలుగా, ముగ్గురేసిగా వార్తల్లోకెక్కడానికి కారణం ఇదే. పైపు కప్పుకి అంటుకున్న అదే వాయువు వేరే బ్యాక్టీరియా చేతిలో గంధకామ్లంగా మారి కాంక్రీటును తినేస్తుంది. ఓ తెల్లారి రోడ్డు మీద ఉన్నట్టుండి గుంత పడేది అందుకే.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పుట్టి, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్, ఆయన సంస్థ సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ల తరబడి చేసిన పోరాటానికి 2014లో సుప్రీంకోర్టు తీర్పు దన్నుగా నిలిచింది. మురుగు మరణానికి పరిహారాన్ని అప్పట్లో 10 లక్షలుగా నిర్ణయించిన కోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. హైదరాబాద్ సందుల్లో పట్టే చిన్న జెట్టింగ్ మిషన్లను జలమండలి 2017లో తెచ్చింది. మంచి పని. అయినా జెట్టింగ్ మిషన్ పక్కన పైపు పట్టుకుని నిలబడేది మనిషే. మూత తీయగానే లేచే ఆవిరి ముందుగా తగిలేది అతని ముఖానికే. డ్రైనేజీలో యాసిడ్ పోయొద్దని చెప్పడానికి నదులు, చేపల దాకా వెళ్లనక్కర్లేదు. ఈ ఒక్క మనిషి చాలు.

ఫ్యాక్టరీల తర్వాత వంటగదులు. లండన్ వైట్‌చాపెల్ ప్రాంతంలో 2017లో మురుగు లైనులో 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువైన గడ్డ బయటపడింది. సింకుల్లో పోసిన నూనె, కొవ్వు, తడి తుడుపు కాగితాలు కలిసి రాయిలా బిగుసుకున్నాయి. పనివాళ్లు పారలతో, నీటి జెట్‌లతో వారాల తరబడి తవ్వి తీశారు. ఒక ముక్కను మరుసటి ఏడాది మ్యూజియంలో పెట్టారు. మన బిర్యానీ వీధుల్లో డ్రైనేజీ పొంగినప్పుడు మూత తెరిస్తే కనిపించేదీ ఇంచుమించు ఇదే. పసుపు పచ్చగా గట్టిపడ్డ డాల్డా లాంటి గడ్డ, అందులో ఉల్లిపొట్టు, ప్లాస్టిక్ కవర్లు, అన్నం.

దీనికి మందు ఖరీదైంది కాదు. హోటలు వెనుక, డ్రైనేజీ కనెక్షన్‌కి ముందు, రెండు మూడు అరల సిల్ట్ ఛాంబర్ కట్టాలి. గిన్నెలు కడిగిన నీళ్లు మొదటి అరలో నిదానిస్తాయి. ఇసుక, మెతుకులు అడుక్కి దిగుతాయి, నూనె పైకి తేలుతుంది. మధ్యలోంచి నీరు మాత్రమే ముందుకు పోతుంది. పైన తేలిన జిడ్డును, అడుగు మడ్డిని ఎప్పటికప్పుడు తీయాలి. తీయకపోతే ఛాంబర్ ఉన్నా లేనట్టే. హోటళ్లు, మాల్స్, పెద్ద భవనాలు దీన్ని కట్టుకోవాల్సిందేనని జలమండలి నోటీసులిస్తోంది. అటు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో వాడిన నూనెకు కొలత పెట్టింది. మరిగి మరిగి పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె మళ్లీ మూకుట్లోకి వెళ్లకూడదు. అలాంటి నూనెను సేకరించి బయోడీజిల్ చేసేవాళ్లున్నారు. సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది, డబ్బాలో పోసి ఇస్తే డబ్బొస్తుంది.

అన్నిటికన్నా కష్టమైంది పట్టుకోవడం. ఫ్యాక్టరీలో పగలు తనిఖీకి వెళితే పీహెచ్ సరిగ్గా ఉంటుంది. రాత్రి రెండింటికి ఏం వదిలారో ఎవరు చూడాలి? దారి ఉంది. మురుగు లైను చెట్టు లాంటిది. శుద్ధి కేంద్రంలో తేడా వస్తే కొమ్మ తర్వాత కొమ్మ, మ్యాన్‌హోల్ తర్వాత మ్యాన్‌హోల్ నమూనాలు తీసుకుంటూ పైకి పోతే ఏ గేటు నుంచి వచ్చిందో తేలుతుంది. 24 గంటలూ కొద్దికొద్దిగా నీరు పట్టే యంత్రాలు, పీహెచ్ మీటర్లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. మురుగును చదవడం హైదరాబాద్‌కి కొత్త కాదు. 2020లో కొవిడ్ పడగ విప్పినప్పుడు నగరంలోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు ఎస్టీపీల మురుగులో వైరస్ జాడ కొలిచి, వాటి పరిధిలో సుమారు రెండు లక్షల మంది దాన్ని విసర్జిస్తున్నారని లెక్క చెప్పారు. కంటికి కనపడని వైరస్‌నే మురుగులో వెతికి పట్టగలిగిన ఊరు, ట్యాంకరు నిండా యాసిడ్ ఎక్కడ కుమ్మరించారో కనిపెట్టలేదా? జలమండలి, కాలుష్య నియంత్రణ మండలి కలిసి పారిశ్రామికవాడల దిగువ మ్యాన్‌హోళ్లలో నిత్యం నమూనాలు తీయాలి. ఫలితాలను నెలనెలా జనం ముందు పెట్టాలి. దొరికినవాళ్ల కరెంటు, నీళ్లు ఆపించే అధికారం 1974 చట్టం 33ఏ సెక్షన్ కింద కాలుష్య నియంత్రణ మండలికి ఉంది. వాడాలి.

ఈలోగా పాఠకులు చేయగలిగింది కొంత ఉంది. బజ్జీలు వేసిన నూనె చల్లారాక సీసాలో పోసి పెట్టండి. మిగిలిన మాత్రలు, పెయింటు, థిన్నర్, పురుగుమందు టాయిలెట్‌లో పోయకండి. మీ వీధి హోటలు సిల్ట్ ఛాంబర్ కట్టిందో లేదో అడగండి. రాత్రివేళ మ్యాన్‌హోల్ పక్కన ట్యాంకరు ఆగి, పైపు లోపలికి దించి కనిపిస్తే బండి నంబరు, టైము, చోటు రాసుకుని పోలీసులకు 100కి, జలమండలికి 155313కి ఫోన్ చేయండి. దూరం నుంచే చేయండి. సిగరెట్ వెలిగించకండి, మూత దగ్గరికి వెళ్లకండి. లోపల పోసింది ఏమిటో ఆ ట్యాంకరు తెచ్చినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.